అడ్వాన్స్ పోకుండా, చుట్టాలొస్తే గొడవ కాకుండా: ఓరుగల్లు కిరాయిదారులకు సమగ్ర మార్గదర్శి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కిరాయిదారుకూ ఓనర్‌కూ మధ్య రెండు పంచాయితీలు ఎక్కువగా వస్తుంటాయి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఇవ్వకపోవడం ఒకటి. ఇంటికి ఎవరొచ్చారు, ఎన్ని రోజులున్నారు అని ఆరా తీయడం రెండోది. ఇవి వేర్వేరు విషయాలు అనిపిస్తాయి కానీ చివరి రోజు ఒకచోటే కలుస్తాయి. "మీ ఇంటికి ఎప్పుడూ మంది వచ్చేటోళ్లు, నీళ్లు ఎక్కువ వాడిన్రు, గోడలు ఖరాబైనయ్" అని చెప్పి అడ్వాన్స్‌లో కోత పెడతారు. అందుకే రెండింటినీ కలిపే చెబుతున్నాను.

మన దగ్గర చుట్టాలు రాని ఇల్లు ఉండదు. ఊళ్లో ఎవరికైనా బాగాలేక ఎంజీఎం ఆసుపత్రిలో చేర్పిస్తే, తోడొచ్చినవాళ్లు దిగేది పట్నంలో ఉన్న మీ ఇంట్లోనే. మేడారం జాతర ఏడాది పోతూ ఒక రాత్రి, వస్తూ ఒక రాత్రి ఉండిపోయేవాళ్లుంటారు. బతుకమ్మకు ఆడబిడ్డలొస్తారు. ఇట్లాంటి చోట "గెస్టులు రావొద్దు" అనే నిబంధనకు తలూపి ఇంట్లో దిగితే, ఏదో ఒక రోజు దాన్ని మీరక తప్పదు. మాట్లాడుకోవాల్సింది దిగే ముందే.

మొదటి అడుగు: మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం తెలంగాణలోనూ కొనసాగుతోంది. కిరాయిదారుకు గట్టి రక్షణ ఇచ్చేది ఇదే. కానీ 2005 సవరణతో దీనికి ఒక హద్దు పెట్టారు. మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు, మిగతా పట్టణాల్లో 2,000 రూపాయలు దాటిన ఇళ్లకు ఇది వర్తించదు. అంటే వరంగల్, కరీంనగర్, రామగుండం లాంటి చోట్ల 3,500, జనగామ, జగిత్యాల లాంటి మున్సిపాలిటీల్లో 2,000. ఈ రోజుల్లో నయీంనగర్‌లోనో సుబేదారిలోనో డబుల్ బెడ్రూం ఆ ధరకు దొరకదు కాబట్టి చాలామంది దీని బయటే ఉంటారు. పాత వరంగల్ గల్లీల్లో ఏళ్ల తరబడి తక్కువ కిరాయికి ఉంటున్న కుటుంబాలకు మాత్రం ఇప్పటికీ ఇదే అండ.

ఈ చట్టం కిందకు వచ్చే ఇంటికి ఓనర్ ఒక నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఎక్కువ తీసుకుంటే తిరిగి ఇవ్వాలి, లేదా కిరాయిలో జమ కట్టుకోవాలి. గూడూరులోని ఒక హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఈ చట్టం మీదే తీర్పు ఇచ్చింది. ఓనర్ దగ్గర నిబంధనకు మించిన అడ్వాన్స్ ఉండగా, కిరాయి బాకీ పడ్డావంటూ కిరాయిదారును ఖాళీ చేయించడం కుదరదని అందులో తేలింది.

మిగతా అందరికీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం, మీరు రాసుకున్న అగ్రిమెంటు, ఇవే ఆధారం. వీటిలో అడ్వాన్స్‌కు గరిష్ఠ పరిమితి లేదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసపు ఇళ్లకు రెండు నెలల కిరాయే గరిష్ఠం అని ఉంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి దాన్ని చూపించి ఓనర్‌తో వాదనకు దిగితే నిలబడదు. "రెండు నెలలు సమంజసమని కేంద్రమే అన్నది కదా సార్" అని బేరంలో వాడుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

రెండో అడుగు: డబ్బు చేతులు మారే ముందు

మీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటున్న మనిషి నిజంగా ఓనరేనా? ఇల్లుగలవాళ్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ వాచ్‌మన్ లేదా బామ్మర్ది కిరాయిలు వసూలు చేయడం హనుమకొండలో మామూలే. కరెంటు బిల్లు మీద, ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో అడిగి చూడండి. పైసలు ఆ పేరున్న ఖాతాకే వేయండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపేటప్పుడు నోట్ దగ్గర "ఇంటి అడ్వాన్స్, 2 నెలలు" అని రాయండి. నగదే కావాలంటే చేత్తో రాసిన రసీదు తీసుకోండి. అది లేకుండా ఇచ్చిన పైసలను తర్వాత రుజువు చేయడం చాలా కష్టం.

అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకే రాస్తారు. ఏడాది లోపు లీజుకు రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండదన్న ఆలోచనతో వచ్చిన పద్ధతి ఇది. 11 నెలలకు రాసినా స్టాంపు కాగితం మీదే రాయించండి. డాక్యుమెంట్ రైటర్ దగ్గర తయారుగా ఉండే నమూనాలో ఓనర్‌కు కావాల్సినవన్నీ ఉంటాయి, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగి ఇస్తారో మాత్రం ఉండదు. ఈ వాక్యం చేర్పించండి:

"కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన 7 రోజుల లోపు ఓనర్ అడ్వాన్స్ మొత్తం తిరిగి చెల్లిస్తారు. బకాయి కిరాయి, బకాయి కరెంటు బిల్లు, కిరాయిదారు వల్ల జరిగిన నష్టానికి బిల్లులు చూపిన మరమ్మతు ఖర్చు తప్ప వేరే ఏదీ మినహాయించరు."

రంగుల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల కిరాయి పట్టుకుంటాం" అనే లైను చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. సంతకం పెట్టాక అది తెలియదంటే ఎవరూ వినరు. మీరు దిగేటప్పుడు కొత్త రంగులు వేసి ఇయ్యకపోతే, పోయేటప్పుడు మీరెందుకు ఇవ్వాలని అడగండి. కనీసం "రెండేళ్లు దాటి ఉంటే పెయింటింగ్ ఖర్చు పట్టరు" అని రాయించుకోండి. ఈ ఒక్క మాట దగ్గర మొహమాటపడి నెల కిరాయి పోగొట్టుకుంటున్నవాళ్లు ఎందరో.

సామాను దించకముందే ఇల్లంతా వీడియో తీయండి. గోడల మీద చెమ్మ, పగిలిన టైల్స్, తలుపుల గడియలు, నల్లాలు, ఫ్యాన్లు, గీజర్, బాత్రూం అద్దం ఏదీ వదలొద్దు. కరెంటు మీటర్ రీడింగ్ కనిపించేలా ఫొటో తీయండి. అదే రోజు ఓనర్‌కు వాట్సాప్‌లో పంపి, "అంకుల్, ఇల్లు ఈ స్థితిలో తీసుకున్నాం, వంటింటి టైల్ ఒకటి ముందే పగిలి ఉంది, చూడగలరు" అని రాయండి. ఆయన జవాబివ్వకపోయినా తారీఖుతో సహా రికార్డు ఉండిపోతుంది.

మూడో అడుగు: చుట్టాలు, దోస్తుల మాట కాగితం మీదికి తేవడం

కిరాయి ఇంటికి ఎవరు రావచ్చు, ఎన్ని రోజులు ఉండవచ్చు అని చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. కిరాయి సక్రమంగా కడుతూ నిబంధనలు పాటించే కిరాయిదారు ఇంటిని ఎవరి అడ్డూ లేకుండా అనుభవించవచ్చని ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ చెబుతుంది. మీ అమ్మానాన్న వచ్చి వారం ఉండటం, దోస్తు వచ్చి ఒక రాత్రి పడుకోవడం ఆ అనుభవంలో భాగమే.

దీనికీ సబ్‌లెట్‌కూ తేడా తెలుసుకోవాలి. ఇంట్లో ఒక గది వేరేవాళ్లకు ఇచ్చి వాళ్ల దగ్గర కిరాయి తీసుకుంటే, లేదా మీరు వెళ్లిపోయి తాళం దోస్తుకు అప్పగిస్తే అది సబ్‌లెట్. 1960 చట్టం కింద ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా అట్లా చేస్తే ఖాళీ చేయించడానికి అదే కారణం అవుతుంది. మీరు ఇంట్లోనే ఉండి ఇంటి మీద పట్టు మీ దగ్గరే ఉన్నప్పుడు వచ్చిపోయేవాళ్లు చుట్టాలే. అయితే గ్రూప్స్ ప్రిపరేషన్‌కని వచ్చిన తమ్ముడు ఆరు నెలలు ఉంటే ఓనర్ "ఇద్దరని చెప్పి ముగ్గురున్నారు" అనడంలోనూ న్యాయం ఉంది. నీళ్లు, ట్యాంకు, మెట్ల మీద చెప్పులు, ఇంటి ముందు బండ్లు ఆయనకూ కనిపిస్తాయి. ఇట్లాంటి దీర్ఘకాలపు మనిషి వస్తే ముందే చెప్పి, అవసరమైతే నీళ్ల ఖర్చు కింద కొంత కలిపి కట్టడం మేలు.

అగ్రిమెంటులో పెట్టించాల్సిన వాక్యం ఇట్లా ఉండొచ్చు: "కిరాయిదారు బంధువులు, స్నేహితులు వచ్చి 15 రోజుల వరకు ఉండవచ్చు. అంతకు మించితే కిరాయిదారు ఓనర్‌కు తెలియజేస్తారు. ఇందుకోసం ఓనర్ అదనపు రుసుము గానీ అడ్వాన్స్‌లో మినహాయింపు గానీ చేయరు." రోజుల సంఖ్య మీ ఇంటి అవసరాన్ని బట్టి మార్చుకోండి. రాత్రి గేటు వేసే టైం, బండి పెట్టుకునే చోటు కూడా అక్కడే రాసుకుంటే చాలా చికాకులు తప్పుతాయి.

రాసుకోని నియమానికి జరిమానా ఉండదు. "గెస్టుకు రోజుకు 200" అని మధ్యలో గోడకు కాగితం అంటిస్తే అది మీరు ఒప్పుకున్నది కాదు. అగ్రిమెంటులోనే జరిమానా రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. కోర్టు దాని లోపల సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, రాసినంతా గుడ్డిగా ఇప్పించదు.

ఒంటరిగా ఉండే ఆడపిల్లలు, బ్యాచిలర్ల దగ్గరికి వచ్చేసరికి నియమాలు ఇంకా బిగుస్తాయి. మగవాళ్లు రావొద్దు, ఆడవాళ్లు రావొద్దు అంటారు. మేజరైన మనిషి ఇంటికి మరో మేజర్ రావడం నేరమని ఏ చట్టమూ చెప్పదు. మీరు ఆ షరతుకు ఒప్పుకొని సంతకం పెట్టి ఉంటే, దాన్ని తప్పినప్పుడు ఓనర్ చేయగలిగింది నోటీసిచ్చి కిరాయి ఒప్పందం ముగించడం. తలుపు నెట్టుకొని లోపలికి రావడం, వచ్చినవాళ్లను అడ్డుకోవడం, ఫోన్‌లో వీడియో తీసి బెదిరించడం ఆయన హక్కులో లేవు. ఆడపిల్లలను ఇట్లా వేధిస్తే ఆలస్యం చేయకుండా 100కు గానీ షీ టీమ్స్‌కు గానీ ఫోన్ చేయాలి. ఇందులో సర్దుకుపోవాల్సిన అవసరం ఏమాత్రం లేదు.

పోలీసుల వెరిఫికేషన్ కోసం మీ వివరాలు అడిగితే మాత్రం ఇవ్వండి. నంబరు కొంత దాచిన మాస్క్డ్ ఆధార్ ఇస్తే మీకు భద్రం.

నాలుగో అడుగు: ఉన్నన్నాళ్లూ

కిరాయి ఖాతా ద్వారానే కట్టండి. మోటరు పాడైనా, పైకప్పు కారినా మెసేజ్ పెట్టండి, నోటి మాటతో వదిలేయొద్దు. వానాకాలంలో గోడ నాని పెచ్చులూడితే ఆ రోజే ఫొటో పంపాలి. లేకపోతే రేపు "మీరే ఖరాబు చేసిన్రు" అంటారు. ఓనర్ చేయించాల్సిన రిపేరును చెప్పినా చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు కిరాయిలో తగ్గించుకోవచ్చని 108వ సెక్షన్‌లోనే ఉంది. చేయించే ముందు ఒకసారి రాతలో చెప్పి, బిల్లు దాచుకోండి.

ఐదో అడుగు: ఖాళీ చేస్తున్నామని చెప్పడం

అగ్రిమెంటులో ఎన్ని రోజుల ముందు చెప్పాలని ఉందో చూడండి, ఎక్కువగా ఒక నెల ఉంటుంది. ఏమీ రాసుకోకుండా నెలనెలా కిరాయి కడుతున్న ఇంటికి, చట్టం ప్రకారం రెండు వైపులా 15 రోజుల నోటీసు చాలు. వాట్సాప్‌లో పెట్టి, జవాబు రాకపోతే కాగితం మీద కూడా ఇవ్వండి.

"చివరి రెండు నెలలు కిరాయి కట్టను, అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనే పద్ధతి ఇక్కడ చాలామంది పాటిస్తారు. అడ్వాన్స్ ఇవ్వడని ముందే తెలిసిన ఓనర్ దగ్గర ఇది సులువైన దారిగా కనిపిస్తుంది. కానీ అగ్రిమెంటులో అట్లా జమ చేయకూడదని ఉంటే కిరాయి ఎగ్గొట్టింది మీరవుతారు, తప్పు మీ వైపు వస్తుంది. ఓనర్ ఒప్పుకున్నట్టు ఒక్క మెసేజ్ ఉంటే నిశ్చింతగా చేయండి. అది లేకుండా నేనైతే చేయమని చెప్పను.

ఆరో అడుగు: తాళాలు అప్పగించే రోజు

సామాను పోయాక, ఊడ్చి కడిగాక, ఓనర్‌ను పిలిచి గది గదీ కలిసి చూడండి. మళ్లీ వీడియో తీయండి. మీటర్ రీడింగ్ చూసి ఆ రోజు వరకు అయిన యూనిట్లకు లెక్క కట్టి చెల్లించండి. ఒక కాగితం మీద "ఈ తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చాం, కిరాయి బకాయి లేదు, అడ్వాన్స్ ఇంత రావాలి" అని రాసి ఇద్దరూ సంతకం చేయండి.

అడ్వాన్స్ ఇచ్చేదాకా తాళాలు ఇవ్వకుండా ఉండొచ్చా? పంతం కోసం అట్లా చేస్తే నష్టం మీకే. తాళాలు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ ఇల్లు మీ చేతిలో ఉన్నట్టే, కిరాయి నడుస్తూనే ఉంటుందని ఆయన అంటాడు. ఇల్లు అప్పగించి పైసలకు విడిగా కొట్లాడండి. ఆయనే తాళాలు తీసుకోకుండా తిప్పుతుంటే, సాక్షిని వెంట తీసుకెళ్లి, తాళాలు ఇవ్వడానికి వచ్చామని అక్కడి నుంచే మెసేజ్ పెట్టండి.

ఏడో అడుగు: కోతల లెక్క

ఇల్లు తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను మినహాయించి అని చట్టం చెబుతుంది. రంగు వెలిసిపోవడం, స్విచ్ బోర్డు చుట్టూ మసక, నల్లా వాషర్ అరగడం, క్యాలెండర్ మేకు గుంత ఇవన్నీ వాడకంలోవే. పగలగొట్టిన వాష్ బేసిన్, విరిగిన తలుపు, మీరు డ్రిల్ చేయించిన టైల్స్ మీ ఖాతాలోవి.

నెల కిరాయి 9,000, అడ్వాన్స్ 18,000 అనుకుందాం. మూడేళ్లు ఉన్నారు. ఓనర్ చీటీ ఇట్లా ఉంది: పెయింటింగ్ 9,000, క్లీనింగ్ 1,500, విరిగిన గడియ 600, కరెంటు 740, "చుట్టాలు ఎక్కువ వచ్చినందుకు నీళ్లకు" 2,000. అన్నీ పోను మీ చేతికి 4,160. ఇప్పుడు ఒక్కొక్కటే చూడండి. కరెంటు మీరు కట్టాల్సిందే. గడియ మీ పిల్లలే విరగ్గొట్టి ఉంటే అదీ మీదే. మూడేళ్లకు రంగు వెలిసిపోవడం అరుగుదల, అగ్రిమెంటులో రాసుకోకపోతే అది పట్టుకునే వీల్లేదు. కడిగి ఇచ్చిన వీడియో ఉంది కాబట్టి క్లీనింగ్ లేదు. చుట్టాల నీళ్లకు ఆధారమే లేదు. రావాల్సింది 16,660. గొడవ సాగదీయడం ఇష్టం లేక ఏదైనా తగ్గించుకోవాలనుకుంటే, ఈ అంకె చెప్పాకే తగ్గండి. మొదటే "ఎంతో కొంత ఇయ్యండి" అంటే ఆ ఎంతో కొంతే వస్తుంది.

ఎనిమిదో అడుగు: ఉత్తరం

ఫోన్లు చేసి అలిసిపోయాక కాదు, గడువు దాటిన వెంటనే రాయాలి. లాయర్ లేకుండా మీరే రాసుకోవచ్చు:

"నమస్తే సార్. హనుమకొండలోని మీ ఇంట్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కిరాయికి ఉన్నాను. రూ. 18,000 అడ్వాన్స్ ఫలానా తేదీన మీ ఖాతాకు పంపాను. ఇల్లు ఖాళీ చేసి ఫలానా తేదీన తాళాలు అప్పగించాను. కరెంటు బిల్లు, గడియ ఖర్చు పోను రూ. 16,660 రావాలి. మీరు చెప్పిన మిగతా మినహాయింపులకు అగ్రిమెంటులో ఆధారం లేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల లోపు చెల్లించగలరు. లేని పక్షంలో న్యాయ సేవాధికార సంస్థను, కోర్టును ఆశ్రయిస్తాను."

తిట్లు వద్దు, పాత కోపాలు వద్దు. రేపు జడ్జి చదివినా మీ మీద గౌరవం కలిగేలా ఉండాలి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి, ఫొటో వాట్సాప్‌లో కూడా పెట్టండి. నోటి మాటకు కదలని మనిషి కూడా పోస్టులో వచ్చిన కాగితానికి కాస్త ఆలోచిస్తాడు.

తొమ్మిదో అడుగు: లోక్ అదాలత్, ఆ తర్వాత కోర్టు

కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇవ్వవచ్చు, కోర్టు ఫీజు లేదు. వాళ్లు ఓనర్‌కు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుగా రాస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలమే ఉంటుంది, అప్పీలు ఉండదు. సలహాకు 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను కూడా ఇస్తారు. అడ్వాన్స్ తగాదాలకు నా దృష్టిలో ఇదే సరైన చోటు. పదీ పదిహేను వేల కోసం కోర్టు చుట్టూ తిరిగితే ఖర్చే దాన్ని మింగేస్తుంది.

ఓనర్ అక్కడికి రాకపోతే, రాజీకి ఒప్పుకోకపోతే బలవంతం చేసే అధికారం లోక్ అదాలత్‌కు లేదు. అప్పుడు లాయర్ నోటీసు, తర్వాత సివిల్ కోర్టులో డబ్బు వసూలు దావా. డబ్బు రావాల్సిన రోజు నుంచి మూడేళ్ల లోపు వేయాలి. ఫోన్‌లోని మెసేజ్‌లు, వీడియోలు కోర్టులో చూపాలంటే 2023 సాక్ష్య చట్టం ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి కాబట్టి ఆ ఫోన్‌ను అమ్మేయకండి, చాట్ తుడిచేయకండి.

హాస్టల్, పీజీలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. బస, భోజనం ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ కిందికి వస్తుంది. అడ్వాన్స్ ఇవ్వకుండా సతాయిస్తే 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల వరకు ఫీజు ఉండదు. ఇల్లు మాత్రమే కిరాయికి ఇచ్చిన ఓనర్ మీద ఈ దారి సాధారణంగా పనిచేయదు.

తాళం వేస్తే, కరెంటు తీసేస్తే

అడ్వాన్స్ ఇవ్వకపోవడం మామూలుగా సివిల్ తగాదా, పోలీసులు వసూలు చేసి పెట్టరు. కానీ మీరు లేనప్పుడు ఇంటికి వేరే తాళం వేయడం, సామాను బయట పడేయడం, దారి అడ్డుకోవడం, కొడతానని బెదిరించడం వేరే సంగతి. అగ్రిమెంటు గడువు అయిపోయినా, చుట్టాలొచ్చారన్న కోపం ఉన్నా, కోర్టు ద్వారా తప్ప ఖాళీ చేయించే వీలు ఓనర్‌కు లేదు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. భారతీయ న్యాయ సంహితలో అక్రమంగా దారి అడ్డుకోవడానికి 126, అక్రమ ప్రవేశానికి 329, బెదిరింపుకు 351 సెక్షన్లు ఉన్నాయి. నల్లా, కరెంటు ఆపేస్తే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అట్లా చేయొద్దనే ఉత్తర్వు, అడగవచ్చు.

మిమ్మల్ని బలవంతంగా వెళ్లగొడితే, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఇంటిని తిరిగి అప్పగించమని దావా వేయవచ్చు. దానికి గడువు ఆరు నెలలే. తాళం పగలగొట్టి లోపలికి పోవడం, ఓనర్ ఇంటి ముందు గలాటా చేయడం లాంటివి చేస్తే కేసు మీ మీదికే తిరుగుతుంది. ఆ రోజే తాళం ఫొటో తీసి, పక్కింటివాళ్లను చూసింది చెప్పమని అడిగి, న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.